జానెడు మట్టి, కింద బండ

మా బడి వెనక గుట్టవారన ఒకసారి పిల్లలతో గుంత తవ్వించాను. పరిసరాల పాఠంలో నేల పొరల బొమ్మ ఉంటుంది కదా. పైన మెత్తని మట్టి, దాని కింద ఇంకో రంగు మట్టి, ఆ కింద రాతి ముక్కలు, అడుగున బండ. దాన్ని కళ్లారా చూపిద్దామని నా ఆశ. గడారి జానెడున్నర దిగి ఖంగుమంది. పక్కన ఇంకో చోట తవ్వాం. అక్కడా అంతే. "సార్, మన నేలకు పొరలు లేవు" అన్నాడు ఒక పిల్లోడు. వాడికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నల్లమల, లంకమల, పాలకొండలు, వెలికొండలు చాలావరకు ఒకే రాతి కుటుంబానివి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ కుటుంబానికి కడప పేరే పెట్టారు. 1872లో విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. ఈ కొండల రాళ్లు నూరు కోట్ల ఏళ్ల కన్నా పాతవి. అప్పట్లో ఇక్కడ సముద్రం. ఒడ్డున పేరుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ బండ అయింది, బురద గట్టిపడి పలకరాయి అయింది. అడవిలో కొన్ని బండల మీద అలల గీతలు ఇప్పటికీ కనబడతాయి. పిల్లలకు చూపిస్తే నమ్మరు.

ఈ బండకు ఒక గుణం ఉంది. ఎండకు, వానకు పగులుతుంది గానీ మట్టిగా మారదు. పలకరాయి చిల్లపెంకుల్లా రాలి గరుసు అవుతుంది. అట్లా ఏర్పడిన కాస్త మట్టిని వాలు మీద నిలవనీయకుండా వాన కిందికి దొర్లిస్తుంది. అందుకే మన గుట్టల మీద మట్టి జానెడు, మూరెడు. నేల సర్వే వాళ్ల లెక్కలో 25 సెంటీమీటర్ల లోపుంటే అతి తక్కువ లోతు నేల, 50 లోపుంటే తక్కువ లోతు నేల. ప్రపంచ నేలల పట్టికలో ఇలాంటి వాటిని లెప్టోసోల్స్ అంటారు. గ్రీకు భాషలో లెప్టోస్ అంటే పలుచన. భూమి మీద ఇవి 160 కోట్ల హెక్టార్లకు పైగా ఉన్నాయి. మరే నేల రకమూ ఇంత లేదు. అంటే మా పిల్లోడి నేల వింతది కాదు. పుస్తకంలో బొమ్మ వేసినాయన వేరే నేల చూసి వేశాడు, అంతే.

నీళ్ల లెక్క చూద్దాం. జానెడు మట్టిలో సగం రాళ్లే అయితే, ఎంత పెద్ద వాన పడినా పైరుకు పనికొచ్చే నీళ్లు అందులో 10, 15 మిల్లీమీటర్లకు మించి నిలవవు. మన ఎండకు పైరు రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. మూడు రోజులకు నేల ఖాళీ. కుందూ లోయ నల్లరేగడి మీటరు లోతుంటే 150 మిల్లీమీటర్లకు పైగా పట్టుకుంటుంది. అక్కడ జొన్న, శనగ మంచుకే పండుతాయంటారు గానీ, పండించేది ఆ లోతులో దాగిన నీళ్లే. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమలో, వానకూ వానకూ మధ్య ఇరవై రోజులు ఎడం వస్తే గుట్ట మీద పైరు గతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

మరి ఆ గుట్ట మీదే అడవి ఎట్లా నిలిచింది? చెట్టు మట్టిని నమ్ముకోలేదు, పగులును నమ్ముకుంది. అందుగు, తపసి, ఎర్రచందనం వేర్లు బండ సందుల్లోకి దూరి అక్కడి తేమను వెతుక్కుంటాయి. ఇంత రాతినేలలో మెల్లగా పెరుగుతుంది కాబట్టే ఎర్రచందనం చేవ అంత గట్టిది, అంత ఎర్రనిది అని మా పెద్దలు అనేవాళ్లు. మన గడ్డలూ అంతే, రాళ్ల మధ్య మట్టి చిక్కిన చోట ఊరతాయి. మా పెద్దమ్మ గడ్డ తవ్వాక తీగ మొదలు వదిలి మట్టి కప్పేది. "మల్లా ఏడు మనమే రావాల గదా" అనేది.

పగుళ్లలోకి దిగిన వాననీళ్లు లోపల పలకరాయి అడ్డం వచ్చిన చోట బయటికి ఊరతాయి. నాగలూటి, బైర్లూటి, పాలుట్ల అన్న మన గూడేల పేర్లు చూడండి. వాటిలో ఊట అన్న మాటే దాగుందని నా అభిప్రాయం. మహానందిలో ఏడాది పొడుగునా పారి అరటితోటలు తడిపే నీళ్లు కూడా నల్లమల పాదం దగ్గర పుట్టినవే. కొండ తన దగ్గర నీళ్లు ఉంచుకోదు, కింది వాళ్లకు పంపుతుంది.

ఇక కాగితాల కథ. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉండి పొలం పొలం కొలిపించి శిస్తు కట్టాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలో ఉంది. తర్వాత్తర్వాత మద్రాసు ప్రభుత్వం నేలలను రేగడి, ఎర్రనేల అని విడదీసి తరాలు కట్టింది. తరం అంటే మడక దిగితే ఎంత పండుతుంది, ఎంత శిస్తు వస్తుంది అన్న లెక్క. మడక దిగని నేలకు తరం లేదు. తరం లేని నేల బంజరు, పోరంబోకు. అక్కడ ఉన్న మనిషికి పట్టా లేదు. మన తాతలు దస్తావేజుల్లో కనబడకపోవడానికి వాళ్లు అమాయకులు కావడం కారణం కాదు. కొలిచే కర్ర మడక అయింది, వాళ్ల చేతిలో ఉన్నది గడ్డలు తవ్వే కర్ర.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. శిస్తు రాదని వదిలేసిన కొండలే రిజర్వు అడవులయ్యాయి. ఏ దారిన నడవాలో, ఏ చెట్టు ముట్టుకోవాలో ఇంకొకరు చెప్పడం మొదలైంది. గడ్డికి పుల్లరి వేశారు. పల్నాడులో పుల్లరి కట్టమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. పండని నేలని చెప్పిన చోటనే గడ్డికి పన్ను అడిగారన్న మాట.

స్వాతంత్ర్యం తర్వాత దయ కలిగింది గానీ కొలత మారలేదు. గిరిజనుణ్ణి రైతును చేస్తే బాగుపడతాడని భూములు ఇచ్చారు. మాకు తెలిసిన ఒక గూడెంలో ఇచ్చిన చెక్క అంతా గరుసు వాలు. చెట్లు కొట్టి, రాళ్లు ఏరి గట్టున పోశారు. సీమ రైతుకు ఎవరికైనా తెలుసు, పైనున్న చిన్న రాయి తేమను కాపాడుతుంది, వాన దెబ్బను కాస్తుంది. అదీ పోయింది. మొదటి ఏడు కొర్ర బాగానే వచ్చింది. మూడో ఏటికి బండ తేలింది. సోమరితనం వల్ల పండలేదని రాసుకుని పోయారు వచ్చిన వాళ్లు. ఆ మాట నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపిస్తుంది.

ఇలాంటి నేలను ఎవరు ఎరుగుదురో కడప కలివికోడి కథ చెబుతుంది. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదని, అంతరించిందని పుస్తకాలు రాశాయి. 1986 జనవరిలో లంకమల దగ్గర పొదల మధ్య రాతినేలలో అది మళ్లీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది పిట్టలు పట్టుకుని బతికే స్థానికుడు. శాస్త్రం 86 ఏళ్లు వెతికింది, అతనికి అది రాత్రిపూట తిరిగే మామూలు పిట్ట. తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. పిట్టకు చోటు కావాలని ఒప్పుకున్నారు. మంచిదే. ఆ పొదల్లో బతికిన మనుషులకు ఆ మాట దక్కడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది.

2006 అటవీ హక్కుల చట్టం మడక కొలతను కొంత పక్కన పెట్టింది. సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇవ్వడం ఒక భాగం. దానికి ఫారం ఏ. మన వాళ్లకు అదొక్కటే తెలుసు. ఫారం బీ గూడెం అంతటికీ కలిపి. మేత, నీళ్లు, అడవి ఫలసాయం, మనలాంటి ఆదిమ గిరిజనులకు ఆవాస ప్రాంతం మీద హక్కు అందులో అడగవచ్చు. మొత్తం అడవి వనరును కాపాడుకునే హక్కుకు ఫారం సీ ఉంది. జానెడు మట్టి ఉన్న చోట నాలుగెకరాల పట్టా కన్నా నాలుగు గుట్టల మీద హక్కు ఎక్కువ తిండి పెడుతుందని నేను గ్రామసభలో చెబితే, "పట్టా కాగితం బ్యాంకులో చెల్లుతుంది, గుట్ట చెల్లుతుందా సారూ" అని ఒక అన్న అడిగాడు. అతని ప్రశ్నలో న్యాయం ఉంది.

ఆ గుంతను మేం పూడ్చలేదు. పక్కన ఇంకో ఆరు తవ్వాం, వాగు అంచు నుంచి గుట్ట తల దాకా. ఏ గుంత ఎంత లోతు, చుట్టూ ఏ చెట్టు, ఏ గడ్డ, వాన పోయిన ఎన్ని రోజులకు ఆరింది, పిల్లలు నోటు పుస్తకంలో రాస్తున్నారు. చెట్ల పేర్లు ముసలోళ్లను అడిగి తెస్తున్నారు. పొరలు లేవన్న పిల్లోడే ఏడో గుంత దగ్గర బండ పగులులోకి పుల్ల దూర్చి చూశాడు. మూరెడు లోపల తడి తగిలింది. ఫారం బీకి జతపరచాల్సిన పటం ఆ నోటు పుస్తకం చూసే గీస్తున్నాం.