తెగిన వేళ్లు, దించిన శ్రుతి

1965లో టోనీ అయోమికి పదిహేడేళ్లు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. గిటారు వాయించడానికి జర్మనీ వెళ్లే అవకాశం రావడంతో ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజున ప్రెస్ నడిపే మనిషి రాకపోతే ఇతన్ని ఆ మెషిన్ దగ్గర నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలి కొస, ఉంగరపు వేలి కొస తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే, గిటారు మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే.

ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు ఒకటి వినిపించి, ఆ తర్వాత చెప్పాడు: అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్న మనిషి వాయించిన సంగీతమది.

అయోమి గిన్నెలు తోమే లిక్విడ్ సీసాను కరిగించి ముద్ద చేశాడు. వేలు దూరేలా దాన్ని తొలిచి, అరగదీసి, తొడుగులు చేసుకున్నాడు. తీగ మీద జారుతుంటే పాత జాకెట్ తోలు ముక్క అతికించాడు. తొడుగుకి స్పర్శ ఉండదు కాబట్టి ఎంత నొక్కాలో చెవే చెప్పాలి. మామూలు తీగలు మరీ బిరుసు, పలచనివి అంగళ్లలో లేవు. బాంజో తీగలు తెచ్చి బిగించాడు. సంగీత చరిత్రలో ఇంత ఓపికైన పనితనం నాకు అరుదుగా కనిపించింది.

1968లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పేట కుర్రాళ్లు నలుగురు జట్టుకట్టారు. గిటారు అయోమి, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, పాట ఆజీ ఆస్‌బర్న్. ‘ఎర్త్’ పేరుతో బ్లూస్ వాయించేవారు. ఆ పేరు మరో బృందానికీ ఉండటంతో 1969లో ఒక హారర్ సినిమా పేరు పెట్టుకున్నారు: బ్లాక్ సబ్బాత్.

బట్లర్‌కు హోల్స్ట్ స్వరపరచిన ‘మార్స్’ అంటే ప్రాణం. అతను దాన్ని బేస్ మీద పలికిస్తుంటే విన్న అయోమి, మర్నాడు మూడు స్వరాల వరస తెచ్చాడు. షడ్జమం, పై షడ్జమం, ప్రతి మధ్యమం. కల్యాణిలో మనల్ని హాయిగా ఓలలాడించే ప్రతి మధ్యమమే ఎలక్ట్రిక్ గిటారు హోరులో, నిదానంగా, వణుకుతూ మోగితే ఒళ్లు జలదరిస్తుంది. బృందం పేరే పెట్టుకున్న ఆ పాటతో తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు వచ్చింది. దాదాపు మొత్తం ఒక్కరోజులో రికార్డు చేశారు. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

వేళ్లు తెగినందువల్లే హెవీ మెటల్ అనే ఈ సంగీత శైలి పుట్టిందని తరచూ రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆ రెండు ఆల్బమ్‌లలో గిటారు చాలావరకు మామూలు శ్రుతిలోనే ఉంది. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చాకే కొన్ని పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానాలు దించారు. తీగ వదులై వేళ్లకు నొప్పి తగ్గింది, నాదం చిక్కబడింది. బట్లర్ కూడా బేస్‌ను అంత కిందికి దించి గిటారుతో కలిసి నడిచాడు. ప్రమాదానికీ ఈ మార్పుకీ మధ్య ఆరేళ్ల సాధన ఉంది, ముగ్గురు తోటివాళ్ల చెవులున్నాయి.

2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. చనిపోవడానికి పదిహేడు రోజుల ముందు, ఆజీ సింహాసనం మీద కూర్చుని పాడాడు. వాళ్లకు ముందు అదే వేదిక ఎక్కిన హెవీ మెటల్ బృందం మెటాలికా, బ్లాక్ సబ్బాత్ పాటలు వాయించింది.