వెనక జుట్టు ముందుకొచ్చిన కథ

బట్టతల మీద జుట్టు నాటే వైద్యానికి కీర్తి దక్కాల్సింది జపాన్ డాక్టరు షోజీ ఒకుడాకి. 1939లోనే ఆయన కాలిన మచ్చల మీద, కనుబొమల మీద వెంట్రుకలు మొలిపించాడు. యుద్ధం మీదపడింది, జపనీస్‌లో అచ్చయిన ఆ వ్యాసాలు పడమటి డాక్టర్లకు ఏళ్ళ తరబడి అందలేదు.

పేరంతా న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఓరెంట్రైక్‌దే అయింది. వెనక జుట్టును ముందు నాటినా అది పాత గుణం వదలదు, రాలదు అని తేల్చింది ఆయనే. 1952లో మొదలుపెడితే 1959లో గానీ వ్యాసం అచ్చు కాలేదు. నాటే ఒక్కో చర్మం ముక్క సుమారు 4 మిల్లీమీటర్లు! ఆ తలలు దుబ్బులు దుబ్బులుగా నాటిన మడిలా ఉండేవి.

1980ల చివర్లో టెక్సాస్ డాక్టరు లిమ్మర్ మైక్రోస్కోప్ కింద కుదుళ్ళు విడదీయడంతో ఆ దుబ్బుల బాధ తీరుతూ వచ్చింది.

ఈమధ్య నేనూ జుట్టు నాటించుకున్నాను. హైదరాబాద్‌లో నన్ను బోర్లా పడుకోబెట్టి తీసిన ముక్కలు ఒక్కోటీ మిల్లీమీటరు కూడా లేవు. మత్తు సూదులే మంట. తర్వాత వినిపించింది చప్పుడే. నాటినవి కొన్ని వారాల్లో రాలతాయి, మళ్ళీ మొలుస్తాయి, కంగారు పడొద్దన్నారు. రాలాయి. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు: “ఆ జుట్టేదో తిరుమలలో ఇచ్చుంటే పుణ్యమైనా దక్కేది కదరా!”