చార్లెసు వీథిలోని పచారీ వర్తకుడు



నేటి ప్రసంగమున నేను చెప్పబోవునది రాజుల చరిత్ర కాదు, సేనానుల చరిత్రయు కాదు. లండను మహానగరమున వెస్టుమినిస్టరు అను భాగములో, చార్లెసు వీథిలో, పంచదారయు తేయాకును పొగాకును అమ్ముకొని జీవించిన యొక పచారీ వర్తకుని చరిత్రము. ఆతని పేరు ఇగ్నేషియస్ సాంచో. జాతిచే ఆఫ్రికా దేశీయుడు. ఆతని జాతివారిని ఓడలలో కుక్కి పశువులవలె అమ్ముచున్న ఆ కాలముననే యీతడు 1774లోను, మరల 1780లోను బ్రిటిషు పార్లమెంటు ఎన్నికలలో నలుగురి యెదుట నిలిచి ఓటు వేసెను. బ్రిటనులో ఓటు వేసిన నల్లవారిలో ఇతడే మొదటివాడని చిరకాలము తలచిరి. ఇటీవలి పరిశోధనలో 1749 నాటి మరియొకడు, అదియు వెస్టుమినిస్టరులోనే, బయల్పడెను. మొదటివాడైన నేమి, రెండవవాడైన నేమి, ఆ ఓటు ఈతనికెట్లు లభించెనన్నదియే మనము తెలిసికొనదగిన విషయము.

ఈతని జననమునుగూర్చి జోసెఫ్ జెకిల్ అను న్యాయవాది 1782లో వ్రాసిన కథ యొకటి కలదు. 1729లో గినీ తీరము విడిచిన బానిసల ఓడలో ఇతడు పుట్టెననియు, కార్టజీనా రేవులో క్రైస్తవ మతగురువు ఇగ్నేషియస్ అని పేరిడెననియు, తల్లి రోగముచే మరణింపగా తండ్రి దాస్యమునకోర్వక ప్రాణము తీసికొనెననియు ఆయన వ్రాసెను. సాంచో మాత్రము తన లేఖలలో తాను ఆఫ్రికాలో జన్మించినట్లు చెప్పుకొనుటచే, ఇప్పటి పండితులు కొందరు జెకిల్ కథను శంకించుచున్నారు. చరిత్ర చదువువారు అందమైన కథను కొంత నెమ్మదిగానే నమ్మవలెను.

రెండేండ్ల ప్రాయమున ఈ బాలుడు ఇంగ్లండు చేరి, గ్రీనిచ్‌లో అవివాహితలైన ముగ్గురు అప్పచెల్లెండ్రకు ఈయబడెను. డాన్ క్విక్సోట్ కథలోని పరిచారకుని పోలియున్నాడని వేళాకోళమునకై వారే సాంచో అను నామము తగిలించిరి. చదువు వచ్చినచో పనివాడు చేతికి లొంగడని వారి నిశ్చయము. ఈ మాటను నేను మన పల్లెలలోను విన్నవాడనే. చెప్పిన వారెవ్వరును తమ పిల్లలను బడి మాన్పించిన వారు కారు. అయితే సమీపమున బ్లాక్‌హీతులో నివసించు మాంటేగ్యూ ప్రభువు ఆ బాలుని చురుకుదనము చూచి ముచ్చటపడి పుస్తకములిచ్చి చదువనిచ్చెను. 1749లో ప్రభువు గతింపగా సాంచో గ్రీనిచ్ ఇల్లు విడిచి పారిపోయి, ఆయన భార్య పాదములపై బడెను. ఆమె యింట బట్లరుగా కొలువు చేసెను. 1751లో ఆమె మరణించుచు డెబ్బది పౌనులు రొక్కమును, ఏటేట ముప్పది పౌనుల వర్షాశనమును వ్రాసియిచ్చెను.

యువకునికి చేతినిండ డబ్బు వచ్చినచో ఏమగునో అదియే అయ్యెను. పేకాటలో ఒంటిమీది బట్టలుకూడ పోగొట్టుకొనెనట. చివరి షిల్లింగుతో గ్యారిక్ అను మహానటుని చూచుటకు డ్రూరీ లేన్ నాటకశాలకు పోయెనట. తానును రంగమెక్కి ఒథెల్లో వేషము ధరింపదలచెను గాని, నాలుక తిరుగని దోషమొకటి అడ్డు వచ్చెను. పిమ్మట బుద్ధి తెచ్చుకొని, 1758లో వెస్టిండీసు దీవుల సంతతికి చెందిన ఆన్ ఆస్బోర్న్ అను నామెను వివాహమాడి, మరల మాంటేగ్యూ వంశమువారి కొలువుననే చేరెను. ఆ దంపతులకు ఏడుగురు సంతానము.

నాలుక సహకరింపనివానికి సంగీతము సహకరించెను. ఆతడు కూర్చిన నృత్య సంగీతమును, పాటలును కలిసి అరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. 1767 ప్రాంతమున అచ్చయిన మొదటి సంపుటపు ముఖపత్రముపై ఆతని పేరు లేదు. ‘ఒక ఆఫ్రికా దేశీయునిచే కూర్పబడినది’ అని మాత్రమే యుండెను. పేరు దాచి జాతిని ప్రకటించుకొనిన వానిలో ఎంత ధైర్యమున్నదో ఆలోచింపుడు. 1768 నవంబరులో బాత్ నగరమున గెయిన్స్‌బరో అను చిత్రకారుడు ఒక గంట నలుబది నిమిషములలో ఆతని చిత్తరువు వ్రాసెను. పరిచారకుల దుస్తు కాక, బంగరు అంచుగల ఎఱ్ఱని లోచొక్కా తొడిగి, అందులో చేయి యుంచి, పెద్దమనిషివలె కూర్చున్నాడు. ఆ పటము కెనడా రాజధాని ఒటావాలోని జాతీయ చిత్రశాలలో కలదు.

అంతకు రెండేండ్లు ముందు, 1766లో, సాంచో లారెన్స్ స్టెర్న్ అను ప్రసిద్ధ గ్రంథకర్తకు లేఖ వ్రాసెను. తన సోదరుల దాస్యమునుగూర్చి మీ కలముతో ఒక అరగంట వ్రాసిన అనేకుల భారము తగ్గునని ఆ లేఖ సారాంశము. దిక్కులేని నల్లపిల్ల నొకతెనుగూర్చి అప్పుడే వ్రాయుచున్నానని స్టెర్న్ ప్రత్యుత్తరమిచ్చెను. మన ఉత్తర సర్కారులను నైజాము ఆంగ్ల కంపెనీకి వదలుకొన్న సంధి జరిగినదియు ఆ సంవత్సరముననే.

కీళ్లవాతముచేతను, స్థూలకాయముచేతను కొలువు సాగనందున, 1774 జనవరిలో సాంచో చార్లెసు వీథిలో పచారీ కొట్టు తెరచెను. భార్యయు పిల్లలును అందే నివాసము. ఇక ఓటు సంగతి. ఆ కాలమున ఇంగ్లండులో పెక్కుచోట్ల ఓటు కొలదిమందికే యుండెను. వెస్టుమినిస్టరులో మాత్రము, ఇల్లు గలిగి ఆ పేటలోని బీదల పోషణకై విధించు పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును ఓటు కలదు. అట్టివారు సుమారు పండ్రెండు వేలమంది. మన దేశమునను 1951-52 సాధారణ ఎన్నికలకు పూర్వము ఆస్తిని, పన్నును, చదువును చూచి ఓటు ఇచ్చిన సంగతి మీ తండ్రులు చెప్పియుందురు. ఒకనాడు యజమానుల దయపై బ్రతికినవాడు, నేడు బీదలకు గంజిపోయు పన్నులో తన వంతు చెల్లించి, ఆ చెల్లింపు మూలముననే ఓటరు అయ్యెను. చట్టము ఆతని యింటిని, పన్నును చూచెనేగాని రంగును చూడలేదు.

ఓటు రహస్యముగా వేయు పద్ధతి ఆ దేశమునకు 1872లో గాని రాలేదు. కావున ఓటరు బహిరంగముగా పేరు చెప్పి తన యభ్యర్థిని చెప్పవలెను. అది పుస్తకమున కెక్కును. అట్టి పుస్తకములవలననే సాంచో ఓటు మనకు తెలియుచున్నది. ఒక్కొక్కరికి రెండేసి ఓట్లు. 1780లో ఆతడు ఒకటి రాడ్నీ అను నౌకాసేనానికిని, రెండవది అమెరికా యుద్ధమును నిరసించిన చార్లెసు జేమ్సు ఫాక్సునకును వేసెను. వీరుని గౌరవించుచునే ప్రభుత్వమును ఎదిరించువానిని పంపెనన్నమాట. ఇద్దరును గెలిచిరి.

ఇందులో ఒక ముల్లు కలదు, దానిని దాటిపోరాదు. సాంచో తూచి అమ్మిన పంచదార యెక్కడిది? వెస్టిండీసు తోటలలో ఆతని జాతివారు కొరడా దెబ్బలు తినుచు పండించినది. పొగాకును అట్టిదే. ఏడుగురు బిడ్డల పోషణ ఒకవైపు, ఆ త్రాసు ఒకవైపు. ఆతడు కపటియని నేను అనజాలను. ఆ నగరమున దాస్యపు సొమ్ము అంటని పచారీ కొట్టు ఉండుట అరుదు. అట్లని ఆ ముల్లు మొద్దువారలేదు.

తనకే చాలీచాలని సంపాదనలో సాంచో ఇతరులకొరకు వ్రాసిన లేఖలు పెక్కులు. పని దొరకని నల్లవారికి సిఫారసులు, కష్టములోనున్న మిత్రులకై ధనికులకు విన్నపములు. 1778లో ఒక మిత్రుని కుమారుడు మన హిందూదేశమునుండి వ్రాయుచు, ఇచ్చటి జనులు మోసగాండ్రని దూషించెను. సాంచో ఆ యువకుని మృదువుగానే, గట్టిగానే మందలించెను. వారి దోషములు మనవారి రాకతో నేర్చినవే సుమా, ఇంగ్లీషువారు తూర్పు దీవులలోను పడమటి దీవులలోను గినీ తీరమునను ధనాశచే చేసినవన్నియు దుష్కార్యములే యని వ్రాసెను. మనవారి పక్షమున ఆనాడు లండను నుండి మాటాడిన వారు కొందరే.

1780 జూనులో క్యాథలిక్కులకు వ్యతిరేకముగా చెలరేగిన గార్డన్ అల్లర్లను సాంచో తన కొట్టు వాకిట నిలిచి చూచి, న్యూగేటు కారాగారము దగ్ధమైన వార్తలతోసహా లేఖలలో వర్ణించెను. ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన గతించెను. 1782లో ఆతని లేఖలు రెండు సంపుటములుగా వెలువడగా ముందుగా చందా కట్టినవారు వేయిమందికి పైబడిరి. ఆతని భార్యకు ఐదువందల పౌనులకు మించి లభించెను. అమెరికాలో జెఫర్సన్ మాత్రము, తానే బానిసల యజమానియై యుండియు, ఆ లేఖలలో విచారణశక్తి కొఱతయని తీర్పు చెప్పెను. తీర్పరి ఎవరో తెలిసిన పిమ్మట తీర్పును ఎంత గౌరవింపవలెనో శ్రోతలకు విడిచెదను.

ఆన్ కొంతకాలము కొట్టు నడిపెను. పిదప కుమారుడు విలియం ఆ పచారీ కొట్టునే పుస్తకాల దుకాణముగా మార్చి, 1803లో తండ్రి లేఖల ఐదవ కూర్పును తానే ప్రకటించెను.