గ్లాన్‌విల్ సీతాకోకచిలుక

ఇంగ్లండునకు దక్షిణమున వైట్ అను ద్వీపము కలదు. వసంతారంభమున అచ్చటి సముద్రతీరమున ఎఱ్ఱని తలలు గల నల్లని గొంగళిపురుగులు గుంపులుగా ఎండ కాగుచుండును. ఇవి ఈసబ్గోలు ప్రజాతికి చెందిన ఒక చిన్నమొక్క ఆకులను తిని పెరిగి, మే, జూన్ నెలలలో సీతాకోకచిలుకలై ఎగురును. వాటి నారింజరంగు రెక్కలపై గోధుమరంగు గళ్ళుండును. ఇట్టి గళ్ళు మరికొన్ని జాతులకును కలవు. కాని వెనుకరెక్కల అంచునకు సమీపమున, నారింజరంగు పట్టీలో నల్లని చుక్కల వరుస కనిపించినచో అది గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ యని గుర్తింపవచ్చును.

ఈ పేరు ఎలియనార్ గ్లాన్‌విల్ (1654-1709) అను స్త్రీని బట్టి వచ్చినది. సోమర్సెట్ ప్రాంతమున నివసించిన ఈమె కంచెల క్రింద దుప్పటి పరచి, పొదలను కఱ్ఱతో కొట్టి, రాలిన పురుగులను ఏరి పెంచెడిది. ఏ పురుగు ఏ సీతాకోకచిలుకగా మారునో నిశ్చయముగా తెలిసికొనుటకు ఇదియే మార్గము. ఆమె లింకన్‌షైరులో కనుగొనిన ఈ జాతిని లండను శాస్త్రజ్ఞుడు జేమ్స్ పెటివర్ మొదట ఆ ప్రాంతపు పేరుతోనే ప్రకటించెను. 1758లో లినేయస్ దీనికి సింక్సియా అను జాతినామ మిచ్చెను.

ఎలియనార్ తన ఆస్తిలో అధికభాగమును ఒక దూరపు బంధువునకు వ్రాసెను. ఆమె మరణానంతరము, తల్లికి మతి చలించినదని చెప్పి కుమారుడు వీలునామాపై వ్యాజ్యము వేసెను. ఆమె పురుగులను ఏరుటను గూర్చి పొరుగువారు సాక్ష్యమిచ్చిరి.

జాన్ రే అను శాస్త్రజ్ఞుడు ఆమె పక్షమున సాక్ష్యమిచ్చుటచే వీలునామా నిలిచినదని 1766లో మోసెస్ హారిస్ వ్రాసెను. ఇది వినుటకు ఇంపైన కథ. కాని రే 1705లోనే, అనగా ఆమెకు ముందే, మరణించెను! వీలునామా రద్దయినదని తరువాత వెలువడిన న్యాయస్థాన పత్రములు తెలుపుచున్నవి.

ఆస్తి విషయమున ఆమె కోరిక నెరవేరలేదు. పేరు మాత్రము నిలిచినది. ఆమె సేకరించిన నమూనాలు కొన్ని లండనులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో నేటికిని కలవు. 1990వ దశకము నుండి ఫిన్లండునకు చెందిన ఓలండ్ దీవులలో ఇల్క హాన్‌స్కియు, ఆయన సహచరులును ఏటేట పచ్చికబయళ్ళు తిరిగి ఈ జాతి గొంగళిపురుగుల గూళ్ళను లెక్కించిరి. విడివిడి బయళ్ళలో నశించుచు, మరల వ్యాపించుచు ఒక జాతి ఎట్లు మనగలుగునో ఆ లెక్కలు వెల్లడించినవి. ఒకనాడు పిచ్చికి నిదర్శనముగా చూపబడిన పురుగుల అన్వేషణయే ఈ జ్ఞానమునకు పునాది యైనది.