పొత్తిగుడ్డల మీద నల్లమరక

మూత్రం చూసి రోగం చెప్పడం పాత విద్యే. కానీ అందులో కనిపించే ఒక ఆమ్లం పుట్టుకతో వచ్చిన లోపానికి గుర్తని నిరూపించింది లండన్ వైద్యుడు ఆర్కిబాల్డ్ గారోడ్. ఆయన పట్టుకున్నది ఆల్కాప్టన్యూరియా. ఈ లోపమున్నవాళ్ల మూత్రం గాలి తగిలి నిలవుంటే నల్లబడుతుంది. అందుకు కారణం హోమోజెంటిసిక్ ఆమ్లమని 1891లోనే వోల్కోవ్, బౌమాన్ తేల్చారు. అదంతా పేగుల్లోని సూక్ష్మజీవుల చలవేనని అప్పట్లో చాలామంది అనుకునేవారు.

గారోడ్‌కు ఆ మాట మింగుడుపడలేదు. ఆయన చూస్తున్న ఒక పిల్లవాడి తల్లి మళ్లీ గర్భవతి అయింది. పుట్టబోయే బిడ్డ పొత్తిగుడ్డలను కనిపెట్టి ఉండమని నర్సులకు పురమాయించాడు. బిడ్డ పుట్టి రెండు రోజులు దాటాయో లేదో గుడ్డ మీద మరక తేలింది. ఆ దంపతులు తోబుట్టువుల బిడ్డలు. ఇలాంటి కుటుంబాల్లోనే ఈ లోపం ఎక్కువగా కనబడుతున్నదేమిటన్న చిక్కుకు జీవశాస్త్రవేత్త బేట్సన్ మెండెల్ వారసత్వ సూత్రంతో ముడి విప్పాడు: లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే బిడ్డలో బయటపడుతుంది. గారోడ్ వ్యాసం 1902లో లాన్సెట్‌లో వచ్చింది. మేనరికాలు ఇంకా ఉన్న మన ఇళ్లకు ఈ లెక్క పరాయిదేమీ కాదు.

వైద్యలోకం మాత్రం దీన్నొక వింతగా చూసి ఊరుకుంది. 1934లో ఓస్లోలో ఒక తల్లి, బుద్ధి ఎదగని తన ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకుని వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరకు వచ్చింది. వాళ్ల దగ్గర ఏదో వాసన వస్తోందన్నది ఆమె ఫిర్యాదు. చాలామంది డాక్టర్లు పట్టించుకోని మాట అది. ఫోలింగ్ వాళ్ల మూత్రంలో ఫెరిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ రంగు తేలింది. అప్పటిదాకా ఎరగని రంగు కావడంతో లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకుని, శుద్ధి చేసి, ఫినైల్‌పైరూవిక్ ఆమ్లాన్ని బయటికి తీశాడు. తొలి వ్యాసంలో పదిమంది రోగులున్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే: నల్ల మూత్రం వింత, ఇది మెదడును దెబ్బతీసే జబ్బు. 1953లో బికెల్ బృందం, ఆ ఆమ్లానికి మూలమైన ఫినైల్‌అలనైన్‌ను తగ్గించిన ఆహారంతో ఒక పాపలో మార్పు చూపించాక, గుర్తుపట్టడానికి ఒక ప్రయోజనం ఏర్పడింది.

అప్పటిదాకా జాడ తెలిసింది కంటికి, ముక్కుకే. 1966లో బోస్టన్‌లో తనాకా బృందం, చెమట పట్టిన పాదాల వాసన వచ్చే తోబుట్టువుల్లో గ్యాస్ క్రొమటోగ్రఫీ సాయంతో ఐసోవాలెరిక్ ఆమ్లాన్ని గుర్తించింది. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీల జోడీ వాడుకలోకి వచ్చాక, ఏ వాసనా రంగూ లేని ఆమ్లాలూ పట్టుబడసాగాయి. మిథైల్‌మెలోనిక్, గ్లుటారిక్ వంటివి అలా వరసకట్టాయి.

ఇవన్నీ మూత్రంలో దొరకడానికి కారణం ఒకటే: శరీరంలోని రసాయన చర్యల దారిలో ఒక ఎంజైమ్ పనిచేయకపోతే దాని వెనక సరుకు పేరుకుపోతుంది. మూత్రపిండాలు ఆ ఆమ్లాలను చురుగ్గా వడకట్టి పారేస్తాయి కాబట్టి అవి రక్తంలో కన్నా మూత్రంలో తేలిగ్గా దొరుకుతాయి. కానీ అన్నిసార్లూ కాదు. కొన్ని లోపాల్లో బిడ్డ జబ్బుపడి వాంతులతో, మగతగా ఉన్నప్పుడు తీసిన నమూనాలోనే గుర్తు స్పష్టంగా పడుతుంది, కోలుకున్నాక మసకబారుతుంది. గ్లుటారిక్ ఆసిడ్యూరియా మొదటి రకంలో కొందరు పిల్లల మూత్రం దాదాపు మామూలుగానే కనబడుతుంది. అలాంటప్పుడు ఎంజైమ్ పరీక్షో, జన్యు పరీక్షో చేయించక తప్పదు.