లష్కరులో తాతల జాడ

సికింద్రాబాదు రాంగోపాల్‌పేట్‌లో ఆషాఢమాసపు ఆదివారమునాడు బోనములు తలకెత్తుకొని, వేపమండలు చేతబట్టుకొని ఉజ్జయినీ మహాకాళి సన్నిధికి బారులు తీరు జనసమూహమును చూచినవారికి, ఆ గుడికి మూలపురుషుడు రాజు గాని జమీందారు గాని కాక, సైనికదళమున క్షతగాత్రులను, రోగులను భుజమున మోసిన డోలీబోయీ యన్న సంగతి ఆశ్చర్యము గొల్పక మానదు. అతని పేరు సురిటి అప్పయ్య. 1813లో తన దళముతోగూడ ఉజ్జయినికి పోయిన అప్పయ్య, ఇచ్చట జంటనగరములలో కలరా ప్రబలి జనులు వేలకొలది మడియుచున్నారని విని, మహాకాళికి మ్రొక్కుకొనెననియు, ఉపద్రవము శమించిన పిదప తిరిగివచ్చి 1815 జూలైలో అమ్మవారి దారువిగ్రహమును ప్రతిష్ఠించెననియు, 1864లో దాని స్థానమున శిలావిగ్రహము వెలసెననియు ఆలయసంప్రదాయము చెప్పుచున్నది.

సైన్యమున కొలువు చేసిన పూర్వీకుని జాడ తీయగోరువారికి ఈ కథ ఎంత ఆశ కల్పించునో అంత చిక్కును చూపును. అట్టివారు మొదట తేల్చుకొనవలసినది ఆ తాత ఎవరి యుప్పు తినెనన్న సంగతి. ఏలయన, ఈ హుస్సేన్‌సాగర తీరమున ఒక్క సైన్యము గాక మూడు సైన్యములు మసలినవి.

నిజాం అలీఖాను 1798లో కుంఫిణీవారితో చేసికొన్న సంధి ననుసరించి వచ్చిన సహాయకసైన్యము మొదటిది. సాగరమున కుత్తరమున ఆ దళములు విడిసిన చోటనే, 1806లో సికందర్ జా పేరున ఈ పట్టణము వెలసినది. ఆ పటాలములు మద్రాసు సైన్యమునకు చెందినవి గనుక వాని కాగితములు మద్రాసునకును, అచ్చటినుండి లండనునకును పోయినవి. నేడు ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారమునను, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్త్రములలోను వెదకవలెను. రెండవది, నిజాము కొలువున కుంఫిణీవారి ప్రతినిధియైన రెసిడెంటు హెన్రీ రస్సెల్ కూర్చిన దళమునుండి పెరిగి, నిజాము జీతమిచ్చుచుండగా ఆంగ్లాధికారులు నడపిన హైదరాబాదు కంటింజెంటు. బొల్లారము దాని ప్రధానస్థానము. దీని వ్యవహారము రెసిడెన్సీ దస్త్రములతో ముడిపడినందున ఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారమును ఆశ్రయింపవలసియుండును. మూడవది నిజాము సొంత సైన్యము; దాని లెక్కలు తొలుత పారసీకమునను తరువాత ఉర్దూనను వ్రాయబడి, తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున నున్నవి. రాంగోపాల్‌పేట్ వారికి ఇది కూతవేటు దూరమే గాని, ఆ లిపి చదువగలవారి తోడు లేనిదే అడుగు ముందునకు పడదు.

పటాలముల పేర్లు మారుటచేత ఈ యన్వేషణ మరింత జటిలమగును. 1903లో కంటింజెంటు భారతసైన్యమున లీనమైనప్పుడు దాని పదాతిదళములకు 94 మొదలు 99 వరకు సంఖ్యలు వచ్చినవి; 1922లో అవి 19వ హైదరాబాదు రెజిమెంటాయెను; 1945లో అదియే కుమాయూను రెజిమెంటాయెను. బొల్లారమున బయలుదేరిన అన్వేషకుడు పేరు వెంటనే నడచినయెడల హిమాలయసానువులలోని రాణీఖేతునకు చేరును!

సిపాయియైనవాడు అదృష్టవంతుడని చెప్పవలెను. చేర్చుకొన్ననాడే తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఎత్తు, కులము, దేహముపై గుర్తులు పట్టీకెక్కుచుండెను. అయినను ఇంటిపేరు వ్రాయు నలవాటు అరుదు. ఆంగ్లగుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసికొన్న వెంకటస్వామి యొక్కొక్క పట్టీలో నొక్కొక్క రూపు దాల్చును. కావున పేరునుబట్టి గాక, ఊరును పటాలమును సంవత్సరమును కలిపి వెదకుటయే మేలు.

డోలీబోయీలు, నీళ్లు మోయువారు, గడ్డి కోయువారు, వంటవారు మొదలగు అనుచరుల గతి వేరు. వారు లేనిదే పటాలము ఒక్క మజిలీ యైనను సాగదు. కాని లెక్కలలో వారు తలల సంఖ్యగా, బత్తెపు పద్దుగా మాత్రమే తరచుగా కానవత్తురు. అప్పయ్య యాత్రను దస్త్రములతో సరిచూడబూనినవారు 1813-15 నాటి కాగితములతో ఆగక, ఉజ్జయిని కనతిదూరమున క్షిప్రానదీతీరపు మహిద్‌పురమున హోల్కరు సేనలతో 1817 డిసెంబరు 21న జరిగిన యుద్ధపు కాగితములను గూడ చూడవలెను; ఆ రణమున మద్రాసు పటాలములును, రస్సెల్ దళమును పాల్గొన్నవి. సంవత్సరములు సరిపోలకున్నంతమాత్రమున ఆలయసంప్రదాయమును త్రోసివేయరాదని నా నిశ్చయము. రాజ్యములు తమ వ్రాతలలో పేరైనను నిలుపదలపని కూలివారిలో నొకని పేరును, వృత్తిని, పోయిన ఊరిని, మ్రొక్కిన మ్రొక్కును రెండు శతాబ్దములు జనులు నోటనే కాపాడిరి. అదియు దస్త్రమే.

మొదటి ప్రపంచయుద్ధమునకు వచ్చునప్పటికి ఆధారములు హెచ్చినవి. కంటింజెంటు వారసులైన 20వ డెక్కన్ హార్సు రౌతులు 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ రణరంగమున బల్లెములు చేబూని గుఱ్ఱములు దూకించిరి. ఆ దేశమున నువ్ షపెల్ స్మారకముపై 4,700కు పైగా భారతీయుల పేర్లు చెక్కబడియున్నవి. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘము పట్టికలలో పటాలమునుబట్టి వెదకవచ్చును. అదే సంఘము బస్రా స్మారకమున భారతీయాధికారుల పేర్లు చెక్కించి, సామాన్య సైనికులను సంఖ్యగా మాత్రమే పేర్కొనినది. ఇట్టి అసమానతను 2021లో తానే విచారణ జరిపి ఒప్పుకొనినది. ఒప్పుకోలు ఆలస్యమైనను మంచిదే. పేర్లు పూర్తిగా చేరువరకు ఋణము తీరదు.

ఇరువదవ శతాబ్దపు సైనికుని కుటుంబమునకు పని కొంత సులువు. ఏ శాఖకు ఆ శాఖ రికార్డు ఆఫీసు కలదు; ఆర్డ్‌నెన్సు కోరు వారిది ఈ సికింద్రాబాదుననే యున్నది. అచ్చట అడుగబోవుటకు ముందు ఇంటి ట్రంకుపెట్టె తెరచి డిశ్చార్జి బుక్కును, పింఛను కాగితమును, పతకపు అంచును చూడుడు. సైనికసంఖ్య అందే దొరకవచ్చును. సంఖ్య దొరకినచో సగము పని తీరినట్లే.

పాఠకులారా, మీ యింట పటాలము మాట యెత్తగల ముసలివారెవరైన నుండిన, నేడే వారి ప్రక్కన గూర్చుండి తాత పేరు, ఊరు, చేసిన పని, పోయిన దేశము వ్రాసికొనుడు; ఆయన సిపాయి గాక డోలీ మోసినవాడైనచో మరింత శ్రద్ధతో వ్రాసికొనుడు. ఆ వ్రాత ప్రతి నొకదానిని మీ యూరి గ్రంథాలయమున కిండు.