త్రుటి: అమూర్తకాలం మూర్తమైన వేళ

ఘోరప్రమాదం తృటిలో తప్పిందనడం తెలుగువారి నుడికారం. తృటి, శాస్త్రపరిభాషలో త్రుటి, కేవలం అతిశయోక్తి కాదు. భారతీయ జ్యోతిశ్శాస్త్రంలో అది నియతమైన కాలపరిమాణం. సూర్యసిద్ధాంతం కాలాన్ని మూర్తమనీ, అమూర్తమనీ ద్వివిధంగా విభజించింది. నేటి లెక్కలో 4 సెకండ్లకు సమానమైన ‘ప్రాణం’ మొదలుకొని యుగకల్పాదుల వరకు మూర్తకాలం, అది వ్యవహారయోగ్యం. త్రుటి మొదలైన సూక్ష్మభాగాలు అమూర్తకాలం. అవి వ్యవహారానికి అందనివి. క్రీ.శ. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు నిమేషంలో 30వ వంతును తత్పరగా, తత్పరలో 100వ వంతును త్రుటిగా నిర్వచించాడు. ఆ ప్రకారం ఒక సెకండుకు 33,750 త్రుటులు. ఆనాటి ఘటికాయంత్రాలు దీనిని కొలవజాలవు. త్రుటి బుద్ధిగ్రాహ్యమే గాని యంత్రగ్రాహ్యం కాదు.

20వ శతాబ్దంలో కంప్యూటర్లు ఆ అమూర్తకాలాన్ని వ్యవహారంలోకి తెచ్చాయి. సెకండులో వందకోట్లవ వంతైన నానోసెకండు వాటికి నిత్యమానమైంది. అమెరికా నౌకాదళాధికారిణి, కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ దానిని కంటికి చూపింది. ఒక నానోసెకండులో కాంతి పోగల దూరం సుమారు 30 సెంటీమీటర్లు. అంత పొడవున్న తీగముక్కలను ఆమె తన ప్రసంగాలలో శ్రోతలకు పంచిపెట్టేది. యోగసూత్రాల వ్యాసభాష్యం క్షణాన్ని నిర్వచించిన రీతి ఇక్కడ స్మరణీయం: చలించే పరమాణువు పూర్వస్థానాన్ని విడిచి తరువాతి స్థానాన్ని చేరే కాలమే క్షణం. ప్రాచీనులు నానోసెకండును కొలిచారని దీని అర్థం కాదు. సూక్ష్మకాలాన్ని చలనం ద్వారానే గ్రహించాలన్న వివేకం మాత్రం ఉభయత్ర సమానం.

ఆ సూక్ష్మాంశాన్ని ఉపేక్షిస్తే కలిగే ఫలం 1991 గల్ఫ్ యుద్ధంలో ప్రత్యక్షమైంది. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో శత్రుక్షిపణులను అడ్డుకొనేందుకు నిలిపిన పేట్రియట్ వ్యవస్థ కాలాన్ని సెకండులో పదవ వంతులుగా లెక్కించేది. ద్విసంఖ్యామానంలో 0.1 అనంతంగా సాగే భిన్నం. యంత్రం 24 స్థానాలతో ఆపి, శేషాన్ని విడిచిపెట్టింది. అలా ప్రతి లెక్కలోనూ లోపించినది సుమారు 95 నానోసెకండ్లు, అనగా త్రుటిలో మూడువందలవ వంతు కంటెను తక్కువ. కాని యంత్రం విరామం లేకుండా 100 గంటలు నడిచింది. లోపం కూడికూడి 0.34 సెకండ్లయింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా పయనిస్తుంది. పేట్రియట్ దానిని లేనిచోట వెదకింది. ఫిబ్రవరి 25న 28 మంది అమెరికా సైనికులు మరణించారు. దోషాన్ని సవరించిన సాఫ్ట్‌వేర్ మరునాడు అక్కడికి చేరింది.

ఆ సైనికులకు ప్రమాదం త్రుటిలో తప్పలేదు. త్రుటిలోని అత్యల్పాంశాన్ని విడిచినందువల్ల సంభవించింది. క్షణంపైనా, క్షణాల క్రమంపైనా చేసే సంయమం వివేకజ్ఞానాన్ని కలిగిస్తుందని పతంజలి మహర్షి బోధించాడు. ఒక్క క్షణం అల్పమే. కాని విడువబడిన క్షణాల క్రమం అల్పం కాదు.